దుకాణంలో కొత్త కంప్యూటర్: లైవ్ మెయిల్ వదిలేసి ఏ మెయిల్ ప్రోగ్రామ్‌కు మారాలి?

సుజాత_కొత్తవాడ (సోమవారం, ఉదయం 11:20)

అందరికీ నమస్తే. మాది వరంగల్ కొత్తవాడలో జంపఖానాల వ్యాపారం. ఆర్డర్లు, బిల్లులు, కొరియర్ కాగితాలు, మెయిళ్లు అన్నీ చూసుకునేది నేనే. ఇన్నాళ్లూ విండోస్ 7 మీద విండోస్ లైవ్ మెయిల్ వాడినం. ఆ సీపీయూ ఆన్ అయ్యేలోపు చాయ్ తాగి రావచ్చు, అట్లా అయింది. విండోస్ 11తో కొత్తది తెచ్చినం.

మాకు రెండు అడ్రసులు. ఒకటి సొంత డొమైన్ పేరు మీద, సర్వర్ అద్దెకిచ్చే హోస్టింగ్ వాళ్ల దగ్గర ఉంది, పాప్‌లో (మెయిళ్లను మన కంప్యూటర్‌లకు దించుకునే పద్ధతి) పెట్టిచ్చినం. రెండోది జీమెయిల్. 2011 నుంచి వచ్చిన ఆర్డర్ మెయిళ్లు, డిజైన్ ఫోటోలు అన్నీ ఆ పాత కంప్యూటర్‌లనే ఉన్నయి. "పోయినసారి పంపిన నీలం పట్టీది మళ్లీ కావాలె" అని బయ్యర్ ఒక్క ముక్క రాస్తడు. ఆ పోయినసారి అంటే నాలుగేండ్ల కింద కావచ్చు. వెతికి తీయాల్సింది నేను.

బ్రౌజర్‌లనే చూసుకో అంటడు మా తమ్ముడు. నెట్ పోయినప్పుడు కూడా పాత మెయిల్ తెరుచుకోవాలె నాకు. డబ్బు పెట్టాల్సి వస్తే పెడ్తం గానీ ఏడాదికోసారి కట్టేది వద్దు. ఏది వేసుకోవాలె?

డీటీపీ_రమేశ్ (సోమవారం, ఉదయం 11:41)

అక్కా, థండర్‌బర్డ్ వేస్కో. పైస కట్టేది లేదు. చౌరస్తల మా షాపుల మూడు మిషన్ల మీద అదే నడుస్తది. పెళ్లి పత్రికల సీజన్ల మ్యాటర్లు, ఫోటోలు దబదబ వచ్చి పడ్తయి, అయినా ఆగదు. గా లైవ్ మెయిల్‌కు 2017లనే దినాలైనయ్, నువ్వు ఇంక నడిపిచ్చుడే గొప్ప.

కాజీపేట_మూర్తి (సోమవారం, మధ్యాహ్నం 12:15)

అమ్మా సుజాతా, నేను రైల్వేలో పనిచేసి రిటైరైన వాణ్ని. పాతకాలం మెయిల్ ప్రోగ్రామ్‌లు యుడోరా చూశాను, అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ చూశాను. అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ ఎక్స్‌పీతో పోయింది, విస్టాలో విండోస్ మెయిల్ వచ్చింది, ఆ తర్వాత మీ లైవ్ మెయిల్. విండోస్ 10లో వచ్చిన మెయిల్ యాప్‌ను కూడా 2024 డిసెంబర్ 31తో ఆపేశారు. ఉచితంగా చేతిలో పెట్టినవన్నీ ఇలా వెనక్కి లాక్కుంటూనే ఉన్నారు. అందుకని మీ ఆఫీసులో ఎక్సెల్ కోసం లైసెన్స్ కొనే ఉంటే, అందులో క్లాసిక్ అవుట్‌లుక్ ఉందేమో చూడండి. అది గట్టి సరుకు. 2029 వరకైనా నడుపుతామని కంపెనీ వాళ్లే చెప్పారు.

కొత్త విండోస్‌తో ఉచితంగా వచ్చే కొత్త అవుట్‌లుక్ మాత్రం వేరు. పేరొక్కటే, మనిషి వేరు.

సుబేదారి_వకీలు (సోమవారం, మధ్యాహ్నం 1:05)

మూర్తిగారు చివర అన్న మాటను నేను ఇంకాస్త గట్టిగా అంటాను. కొత్త అవుట్‌లుక్‌లో జీమెయిల్ గానీ, హోస్టింగ్ అకౌంట్ గానీ కలుపుతుంటే, మీ మెయిళ్ల కాపీని మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లో సింక్ చేస్తామని ఒక నోటీసు వస్తుంది. ఎవరూ చదవకుండా కంటిన్యూ నొక్కేస్తారు. అంటే ఉత్తరాలు మీ హోస్టింగ్ సర్వర్ నుంచి నేరుగా మీ కంప్యూటర్‌కు రావు, మధ్యలో ఇంకో సర్వర్‌లో కాపీ పడి వస్తాయి. జంపఖానా ఆర్డర్లకు అది పెద్ద విషయం కాకపోవచ్చు. నా దగ్గర క్లయింట్ల కాగితాలుంటాయి, కాబట్టి నేను పెట్టుకోలేదు. పైగా డబ్బు కట్టని వాళ్లకు ఇన్‌బాక్స్‌లో ప్రకటనలు.

పోరడు_2.0 (సోమవారం, మధ్యాహ్నం 2:30)

అక్కా, పాత సీపీయూ పారేయకండి. దాంట్లో విండోస్ బదులు లినక్స్ మింట్ వేసి, క్లాస్ మెయిల్ అనే తేలికపాటి మెయిల్ ప్రోగ్రామ్ పెట్టండి, గాలిలో తేలిపోతుంది. ఒక్కో మెయిల్ ఒక్కో ఫైల్‌గా ఉంటుంది కాబట్టి ఒకటి పాడైనా మిగతావి భద్రం. మా హాస్టల్‌లో 2 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ మీద నడిపిస్తున్నా.

డీటీపీ_రమేశ్ (సోమవారం, మధ్యాహ్నం 2:38)

తమ్మీ, క్లాస్ మెయిల్‌ల రంగుల అక్షరాలు, ఫోటో నడిమిట్ల పెట్టుడు అయితదా? కాదు. వట్టి టెక్స్టే. డిజైన్ ఫోటో కింద ధర రాసి పంపాల్నంటే అక్క ఏం చేస్తది? నీ హాస్టల్ వేరు, దుకాణం వేరు.

పోరడు_2.0 (సోమవారం, మధ్యాహ్నం 2:44)

అటాచ్‌మెంట్ పెట్టొచ్చు కదన్నా. సరే, ఒప్పుకున్నా, దుకాణానికి థండర్‌బర్డే.

మానేరు_శ్రీలత (సోమవారం, సాయంత్రం 6:10)

సుజాతగారూ, నేను కరీంనగర్‌లో ఒక కాలేజీకి కంప్యూటర్లు చూస్తాను. ప్రోగ్రామ్ గురించి రమేశ్ చెప్పింది సరే, నా ఓటూ థండర్‌బర్డ్‌కే. ఈఎం క్లయింట్ అనే ఇంకో మెయిల్ ప్రోగ్రామ్ చూడ్డానికి బాగుంటుంది గానీ దాని ఉచిత లైసెన్స్ వ్యాపారానికి చెల్లదు. అయితే ఏ ప్రోగ్రామ్ అన్నదానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటి ఉంది: మీ మెయిళ్ల అసలు కాపీ ఎక్కడ ఉండాలి?

పాప్‌లో ప్రోగ్రామ్ సర్వర్ నుంచి మెయిల్‌ను దించుకుని, మీరు పెట్టిన గడువు తర్వాత అక్కడ చెరిపేస్తుంది. ఆ తర్వాత అసలు కాపీ మీ హార్డ్ డిస్కే. ఇంకో సంగతి: పాప్ దించుకునేది ఇన్‌బాక్స్ ఒక్కటే. ఆ డొమైన్ అడ్రసు నుంచి మీరు పంపిన మెయిళ్ల కాపీ సర్వర్‌లో ఉండదు. 2011 నుంచి మీరు పంపిన ధరలు, ఒప్పుకోళ్లు అన్నీ ఆ పాత కంప్యూటర్‌లో తప్ప మీ దగ్గర ఇంకెక్కడా లేవు. కాబట్టి దాన్ని ఫార్మాట్ చేయకండి, ఎవరికీ ఇవ్వకండి.

ఇంకో పద్ధతి ఐమ్యాప్. అందులో అసలు కాపీ సర్వర్‌లో ఉంటుంది. ఫోన్‌లో చదివితే కంప్యూటర్‌లోనూ చదివినట్టే, ఇక్కడి నుంచి పంపింది అక్కడా కనిపిస్తుంది. నెట్ లేనప్పుడు చదవడం కూడా కుదురుతుంది, ఎందుకంటే థండర్‌బర్డ్ కాపీ దించి పెట్టుకుంటుంది. ఇబ్బంది ఒక్కటే, సర్వర్‌లో జాగా. జీమెయిల్‌కు 15 జీబీ, అది కూడా డ్రైవ్, ఫోటోలతో కలిపి. మీ హోస్టింగ్ వాళ్లు ఒక్కో అడ్రసుకు ఎంత ఇచ్చారో కనుక్కోండి.

సుజాత_కొత్తవాడ (సోమవారం, రాత్రి 8:02)

హోస్టింగ్ వాళ్లను అడిగిన. అడ్రసుకు 1 జీబీ అంట. పాత మెయిళ్ల ఫోల్డర్ చూస్తే 9 జీబీ పైన ఉంది.

కాజీపేట_మూర్తి (సోమవారం, రాత్రి 8:20)

అందుకే నేను పాప్ వదలను. సర్వర్‌లో 14 రోజులు ఉంచమని టిక్ పెట్టుకుంటే ఫోన్‌లో కొత్తవి కనిపిస్తాయి, పాతవి ఇంట్లో ఉంటాయి. డబ్బా నిండిందని బయ్యర్ ఉత్తరం వెనక్కి పోతే నష్టం ఎవరికి?

మానేరు_శ్రీలత (సోమవారం, రాత్రి 8:47)

మూర్తిగారూ, మీకు ఒకే కంప్యూటర్, ఒకే మనిషి. అక్కడ పాప్‌తో చిక్కు లేదు. సుజాతగారి దుకాణంలో ఫోన్‌లో ఇంకొకరు జవాబు రాస్తే అది కంప్యూటర్‌లోకి రానే రాదు. ఒక్క ఆర్డర్‌కు రెండు ధరలు పోతాయి.

నేనైతే ఇలా చేస్తాను. కొత్త కంప్యూటర్‌లో రెండు అకౌంట్లూ ఐమ్యాప్‌లోనే పెడతాను. పాత 9 జీబీని మాత్రం సర్వర్‌కు ఎక్కించను, థండర్‌బర్డ్‌లో ఎడమవైపు అడుగున ఉండే లోకల్ ఫోల్డర్స్‌లో పెడతాను. అవి పూర్తిగా మీ డిస్క్‌లోనే ఉంటాయి, వెతికితే మాత్రం కొత్తవాటితో కలిసి దొరుకుతాయి. ఏడాదికోసారి పాత ఏడాది మెయిళ్లను సర్వర్ నుంచి అందులోకి లాగేస్తే 1 జీబీ నిండదు.

లైవ్ మెయిల్ నుంచి తెచ్చే పద్ధతి: అది ఒక్కో ఉత్తరాన్ని ఒక్కో ఈఎంఎల్ ఫైల్‌గా దాస్తుంది. మీ యూజర్ పేరు ఫోల్డర్‌లో యాప్‌డేటా, అందులో లోకల్, మైక్రోసాఫ్ట్, విండోస్ లైవ్ మెయిల్. యాప్‌డేటా దాచిన ఫోల్డర్, విండోస్ 7లో ఫోల్డర్ ఆప్షన్స్, వ్యూలోకి వెళ్లి దాచిన ఫైళ్లు కనిపించేలా చేయాలి. ఆ మొత్తాన్ని బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయండి. కొత్తదాంట్లో థండర్‌బర్డ్ వేశాక యాడ్-ఆన్స్‌లో ఇంపోర్ట్ ఎక్స్‌పోర్ట్ టూల్స్ ఎన్‌జీ తీసుకోండి. లోకల్ ఫోల్డర్స్ కింద "పాతవి" అని ఒక ఫోల్డర్ చేసి, దాని మీద రైట్ క్లిక్ చేస్తే ఆ యాడ్-ఆన్ పేరు వస్తుంది. అందులో ఈఎంఎల్ ఫైళ్లను లోపలి ఫోల్డర్లతో సహా తెచ్చుకునే ఎంపిక ఉంది. 9 జీబీ ఒకేసారి కాకుండా ఏ ఫోల్డర్‌కు ఆ ఫోల్డర్ తెచ్చుకోండి.

డీటీపీ_రమేశ్ (సోమవారం, రాత్రి 9:03)

కాపీ చేసినంక రెండు దిక్కుల ఫైళ్ల లెక్క సరిపోయిందా చూస్కో అక్కా. కరెంటు పోయినప్పుడు కాపీ నడిమిట్ల ఆగితే తెల్వది. యూపీఎస్ ఉంటే దాని మీద పెట్టు.

సుజాత_కొత్తవాడ (మంగళవారం, మధ్యాహ్నం 12:36)

జీమెయిల్ తేలిగ్గానే వచ్చింది. పేరు, అడ్రస్ ఇస్తే గూగుల్ కిటికీ ఒకటి తెరుచుకుని అక్కడ పాస్‌వర్డ్ అడిగింది. మా డొమైన్ అకౌంట్ దగ్గర ఆగినం. సర్వర్ గుర్తింపు చూపే సర్టిఫికెట్ వేరే సైట్ పేరు మీద ఉందని హెచ్చరిక వస్తుంది, కింద "సెక్యూరిటీ ఎక్సెప్షన్ కన్ఫర్మ్" అని బటన్ ఉంది. నొక్కాల్నా? ఇంకోటి, మెయిళ్లు వస్తున్నయి గానీ పోతలేవు. అవుట్‌గోయింగ్‌లో పోర్టు 25 అని ఉంది, పాతదాంట్లో చూసి అదే రాసిన.

మానేరు_శ్రీలత (మంగళవారం, మధ్యాహ్నం 1:15)

ఆ బటన్ అప్పుడే నొక్కకండి. షేర్డ్ హోస్టింగ్‌లో ఒకే సర్వర్ మీద చాలా డొమైన్లు ఉంటాయి. సర్టిఫికెట్ చాలాసార్లు హోస్టింగ్ వాళ్ల సర్వర్ పేరు మీద ఉంటుంది. మీరేమో సర్వర్ పేరు దగ్గర "మెయిల్ డాట్ మీ డొమైన్" అని ఇచ్చి ఉంటారు. హెచ్చరికలోనే సర్టిఫికెట్ చూసే వీలుంది, అది ఎవరి పేరు మీద ఉందో చదవండి. మీ హోస్టింగ్ సర్వర్ పేరే అయితే, దాన్ని ఇన్‌కమింగ్, అవుట్‌గోయింగ్ రెండు చోట్లా పెట్టండి, హెచ్చరిక పోతుంది. సంబంధం లేని పేరో, మీ యాంటీవైరస్ పేరో కనిపిస్తే ఇక్కడ చెప్పండి. కొన్ని యాంటీవైరస్‌లు మెయిల్ మధ్యలో దూరి తమ సర్టిఫికెట్ చూపిస్తాయి.

పోర్టుల సంగతి: ఐమ్యాప్‌కు 993, కనెక్షన్ సెక్యూరిటీ దగ్గర ఎస్ఎస్ఎల్/టీఎల్ఎస్. పంపడానికి 465 పెడితే ఎస్ఎస్ఎల్/టీఎల్ఎస్, 587 పెడితే స్టార్ట్‌టీఎల్ఎస్. 25ను స్పామ్ భయంతో చాలా నెట్ కంపెనీలు మూసేశాయి, అది సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి. యూజర్ పేరు దగ్గర మొత్తం మెయిల్ అడ్రస్ రాయాలి, అట్ గుర్తుకు ముందున్న ముక్క ఒక్కటే కాదు.

పోరడు_2.0 (మంగళవారం, మధ్యాహ్నం 1:22)

డొమైన్ మెయిల్ పోవట్లేదని జీమెయిల్ ఎస్ఎంటీపీ (మెయిల్ పంపే సర్వర్) నుంచి పంపే పని మాత్రం పెట్టుకోకండి అక్కా. ఫ్రమ్ దగ్గర మీ డొమైన్ ఉండకపోవచ్చు, ఉన్నా ఎస్‌పీఎఫ్ (ఆ డొమైన్ పేరుతో ఏ సర్వర్లు పంపొచ్చో చెప్పే జాబితా) కుదరక బయ్యర్ స్పామ్‌లో పడొచ్చు. అకౌంట్ సెట్టింగ్స్‌లో ఒక్కో అకౌంట్‌కు అవుట్‌గోయింగ్ సర్వర్ ఏదో విడిగా చూపించండి.

సుబేదారి_వకీలు (మంగళవారం, మధ్యాహ్నం 2:10)

నాదొక ప్రశ్న. నేనూ థండర్‌బర్డే వాడుతున్నాను. పాత హాట్‌మెయిల్ అడ్రస్ ఒకటి ఉంది, పాస్‌వర్డ్ సరిగ్గా ఇచ్చినా తప్పు అంటోంది. బ్రౌజర్‌లో అదే పాస్‌వర్డ్‌తో తెరుచుకుంటోంది.

మానేరు_శ్రీలత (మంగళవారం, మధ్యాహ్నం 2:25)

వకీలుగారూ, 2024 సెప్టెంబర్ 16 నుంచి ఆ అకౌంట్లకు మామూలు పాస్‌వర్డ్ పద్ధతి చెల్లదు. సర్వర్ సెట్టింగ్స్‌లో ఆథెంటికేషన్ మెథడ్ దగ్గర నార్మల్ పాస్‌వర్డ్ తీసి ఓఆథ్2 (కంపెనీ వాళ్ల సొంత లాగిన్ కిటికీలోనే పాస్‌వర్డ్ ఇచ్చే పద్ధతి) పెట్టండి. అవుట్‌గోయింగ్ సర్వర్‌లో కూడా మార్చాలి, చాలామంది అది మరిచిపోతారు. దాచిన పాత పాస్‌వర్డ్ తీసేసి మళ్లీ తెరిస్తే లాగిన్ కిటికీ వస్తుంది. అది తెల్లగా ఉండిపోతే, థండర్‌బర్డ్ ప్రైవసీ సెట్టింగ్స్‌లో కుకీలు ఒప్పుకోమని టిక్ ఉందా చూడండి.

జీమెయిల్‌దీ ఇదే కథ, 2022 మే 30తో మామూలు పాస్‌వర్డ్ మూసేశారు. ఓఆథ్2 రాని పాత ప్రోగ్రామ్‌లకు 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ చేసుకోవాలి, దానికి ముందు రెండంచెల లాగిన్ ఆన్‌లో ఉండాలి.

సుబేదారి_వకీలు (మంగళవారం, మధ్యాహ్నం 2:51)

తెరుచుకుంది. ధన్యవాదాలమ్మా.

కాజీపేట_మూర్తి (మంగళవారం, సాయంత్రం 5:30)

మీ మాటలు విని నేనూ పక్కన థండర్‌బర్డ్ వేసి చూశాను. తెలుగు ఉత్తరాలు మరీ సన్నగా కనిపిస్తున్నాయి. నా వయసుకు కష్టం. సబ్జెక్టు వరసలో వత్తుల కింది భాగం కోసేసినట్టుంది.

డీటీపీ_రమేశ్ (మంగళవారం, సాయంత్రం 5:52)

సారూ, ఇది నా సబ్జెక్టు. సెట్టింగ్స్‌ల జనరల్, అండ్ల ఫాంట్స్ అండ్ కలర్స్ పక్కపొంటి అడ్వాన్స్‌డ్ ఉంటది. పైన "ఫాంట్స్ ఫర్" అన్న దగ్గర తెలుగు ఎంచుకొని సైజు 18 జేయుండ్రి, మినిమమ్ సైజు గూడ పెంచుండ్రి. గది చాలకుంటే అండ్లనే అదర్ రైటింగ్ సిస్టమ్స్, లాటిన్ కిందగూడ సైజు మార్చాలె, కొన్ని మెయిళ్లు ఏ భాషయో చెప్పకుంట వస్తయి. విండోస్‌ల నిర్మల యూఐ ఉంటది, తెర మీద సాఫ్‌గ కనిపిస్తది. నాకైతే పోతన 2000 ఇష్టం. మన బమ్మెర పోతన పేరు మీదున్న ఫాంట్, పెట్టుకోకుంటె ఎట్ల?

వత్తులు తెగుడు వరసల ఎడం తక్కువుంటె అయితది. డెన్సిటీ అని ఉంటది, కాంపాక్ట్ తీసి రిలాక్స్‌డ్ పెట్టుండ్రి.

ఇంకోటి, అందరికీ చెప్తున్న. అను ఫాంట్ల (యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్) కొట్టిన మ్యాటర్ కాపీ చేసి మెయిల్‌ల అంటిస్తే అవతలోనికి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలిసిన గోల కనిపిస్తది. ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 పెట్టినా, ఏం పెట్టినా తెలుగు కాదు, అది మెయిల్ ప్రోగ్రామ్ తప్పు గాదు. యూనికోడ్‌కు మార్చి పంపాలె, లేకుంటె పీడీఎఫ్ చేసి పంపాలె. రోజూ ఎవరో ఒకరు పంపుతనే ఉంటరు, నేను ఫోన్ చేసి చెప్తనే ఉంట.

కాజీపేట_మూర్తి (మంగళవారం, సాయంత్రం 6:20)

రిలాక్స్‌డ్ పెట్టగానే వత్తులు కనిపించాయి. ఫాంట్ కూడా పోతనే పెట్టాను. పాప్ మాత్రం మార్చను.

సుజాత_కొత్తవాడ (బుధవారం, ఉదయం 10:48)

సర్టిఫికెట్ హోస్టింగ్ వాళ్ల సర్వర్ పేరు మీదే ఉంది. అదే పెట్టిన, హెచ్చరిక పోయింది. 465తో మెయిళ్లు పోతున్నయి. పాతవి కూడా ఫోల్డర్ తర్వాత ఫోల్డర్ తెచ్చిన, "నీలం పట్టీ" అని కొడితే మూడు పాత ఆర్డర్లు ఫోటోలతో సహా వచ్చినయి.

ఇప్పుడు రెండు సందేహాలు. జీమెయిల్‌లో ప్రతి మెయిల్ ఇన్‌బాక్స్‌లో ఒకసారి, ఆల్ మెయిల్‌లో ఒకసారి కనిపిస్తుంది. రెండోది, బ్యాకప్ కోసం థండర్‌బర్డ్ ఫోల్డర్‌ను 32 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి వేస్తుంటే ఒక ఫైల్ దగ్గర "చాలా పెద్దది" అని ఆగిపోతుంది. జాగా మస్తు ఖాళీ ఉంది.

మానేరు_శ్రీలత (బుధవారం, ఉదయం 11:30)

పెన్‌డ్రైవ్ ఎఫ్ఏటీ32 అనే పాత ఫార్మాట్‌లో ఉంది. అందులో 4 జీబీ దాటిన ఒక్క ఫైల్ పట్టదు, ఎంత ఖాళీ ఉన్నా సరే. థండర్‌బర్డ్ మామూలుగా ఒక ఫోల్డర్‌లోని మెయిళ్లన్నిటినీ కలిపి ఒకే ఫైల్‌గా రాస్తుంది, అంటే మీ "పాతవి"లో ఏదో ఒక ఫోల్డర్ 4 జీబీ దాటింది. పెన్‌డ్రైవ్‌లో ఉన్నది వేరే చోటికి తీసి ఎక్స్‌ఎఫ్ఏటీ గానీ ఎన్‌టీఎఫ్ఎస్ గానీ ఫార్మాట్ చేయండి. ఆ పెద్ద ఫోల్డర్‌ను కూడా ఏడాది వారీగా విడగొడితే మంచిది.

ఒకే ఫైల్ కాబట్టే ఇంకో రెండు జాగ్రత్తలు. మెయిల్ డిలీట్ చేసినా ఫైల్ తగ్గదు, తీసేసినట్టు గుర్తు పెడుతుందంతే. ఫోల్డర్ మీద రైట్ క్లిక్‌లో కాంపాక్ట్ అంటేనే నిజంగా పోతుంది. అది నడుస్తుండగా ప్రోగ్రామ్ మూయకండి. రెండోది, యాంటీవైరస్‌కు చెప్పి ప్రొఫైల్ ఫోల్డర్‌ను (థండర్‌బర్డ్ మెయిళ్లు, సెట్టింగ్‌లు అన్నీ దాచే చోటు) మినహాయించండి. ఒక్క మెయిల్‌లో వైరస్ దొరికిందని ఇన్‌బాక్స్ ఫైల్ మొత్తాన్ని ఎత్తి క్వారంటైన్‌లో పడేసే ప్రమాదం ఉంది. అటాచ్‌మెంట్ తెరిచేటప్పుడు యాంటీవైరస్ ఎలాగూ చూస్తుంది.

బ్యాకప్‌కు కాపీ చేయాల్సింది ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తం. హెల్ప్ మెనూ, ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్, అక్కడ ప్రొఫైల్ ఫోల్డర్ పక్కన ఓపెన్ ఫోల్డర్. కాపీకి ముందు థండర్‌బర్డ్ మూసేయండి. కొత్త కంప్యూటర్‌కు మారినా ఇదే ఫోల్డర్ తీసుకెళ్తే అకౌంట్లు, పాస్‌వర్డ్‌లు, ఫాంట్లు అన్నీ వెంట వస్తాయి. పాస్‌వర్డ్‌లు కూడా ఉంటాయి కాబట్టి ఆ పెన్‌డ్రైవ్ కౌంటర్ మీద వదిలేయొద్దు.

జీమెయిల్ సంగతి: అక్కడ ఫోల్డర్లు నిజానికి లేబుళ్లు, ఆల్ మెయిల్‌లో ప్రతిదీ ఉంటుంది. బ్రౌజర్‌లో జీమెయిల్ సెట్టింగ్స్, లేబుల్స్‌లోకి వెళ్లి ఆల్ మెయిల్ పక్కన షో ఇన్ ఐమ్యాప్ టిక్ తీసేయండి. రెండుసార్లు దిగడం ఆగుతుంది, నెట్ డేటా కూడా మిగులుతుంది.

సుజాత_కొత్తవాడ (బుధవారం, మధ్యాహ్నం 3:17)

రెండూ అయినయి శ్రీలతగారూ. ఆల్ మెయిల్ పోయింది, పెన్‌డ్రైవ్ ఎక్స్‌ఎఫ్ఏటీ చేసిన, కాపీ అయింది. ఆఖరిది: డిజైన్ ఫోటోలు 22 ఎంబీ జిప్ చేసి జీమెయిల్ నుంచి పంపుతుంటే పెద్దగుందని పోతలేదు. 25 దాకా పోతదంటరు కదా?

పోరడు_2.0 (బుధవారం, మధ్యాహ్నం 3:25)

ఆ 25 మెయిల్ మొత్తానికి అక్కా. అటాచ్‌మెంట్‌ను మెయిల్‌లో పెట్టేటప్పుడు బేస్64 అక్షరాలుగా మారుస్తారు, దాంతో సైజు మూడోవంతు పెరుగుతుంది. మీ 22 అక్కడికి వెళ్లేసరికి 29 దాటుతుంది. 18 లోపు ఉంచితే పోతుంది. లేదా రెండు మెయిళ్లుగా విడగొట్టండి.

డీటీపీ_రమేశ్ (బుధవారం, మధ్యాహ్నం 3:31)

జిప్ చేస్తే జేపెగ్ ఫోటో తగ్గది అక్కా, అది ముందుగాలనే నొక్కేసి ఉంటది. చూసుడుకే అయితే పొడుగు దిక్కు 2000 పిక్సెల్‌లకు తగ్గించి పంపు, ఒక్కోటి 1 ఎంబీ అటిటు అయితది. అచ్చుకు అడిగితేనే అసలుది డ్రైవ్‌ల పెట్టి లింకు ఇయ్యి.